చేమలంక జారిన వారం

సత్యకుమారి తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉంటుంది. బస్సు ఆలస్యమైనా, వానొచ్చినా, ఇంట్లో పనిమనిషి రాకపోయినా ఆ టైము మారదు. అటెండరు తాళాలు వెతుక్కుంటుంటే "నిన్న ఏ జేబులో పెట్టావో ఇవాళా అదే జేబులో ఉంటాయి" అని, తలుపు తెరిచేదాకా మెట్ల మీదే నిలబడుతుంది. లోపలికెళ్లాక మొదట చేసే పని కిటికీ తెరవడం. ఆ కిటికీలోంచి గోదావరి కనిపిస్తుంది. గోదావరి మధ్యలో చేమలంక, ఆ లంక కొసన తెల్లగా బడి గోడ కనిపిస్తాయి. ఆ బడిలో మాస్టారు ఆవిడ భర్త సుధాకర్. సోమవారం పొద్దున్నే పడవెక్కి వెళ్లి, శనివారం సాయంత్రానికి ఇల్లు చేరతాడు. మిగతా రోజులు లంకలోనే ఒక గదిలో వండుకు తింటాడు.

"మధ్యలో అంత నీరుంది కాబట్టే మా కాపురం నిప్పంటుకోకుండా ఉంది" అంటుంది సత్యకుమారి, ఎవరైనా అడిగితే. అని నవ్వదు.

తొంభైతొమ్మిది డిసెంబరులో ఆ మండలాఫీసులో అందరూ ఒకటే పని మీద ఉన్నారు. జనాభా లెక్కలు దగ్గరపడుతున్నాయి. వాటికి ముందు దేశంలో ఉన్న జిల్లాలు, మండలాలు, ఊళ్లు, ఊళ్ల శివార్లు అన్నీ వరసగా రాసి పంపాలి. ఒక్కటి వదిలిపోకూడదు, ఒక్కటి రెండుసార్లు రాకూడదు. మనుషులు లేని ఊళ్లు కూడా జాబితాలో ఉండాల్సిందే. గడువు దాటాక హద్దులన్నీ ఎక్కడివక్కడ ఆగిపోతాయి. లెక్కలయ్యేదాకా ఎవరూ వాటిని ముట్టుకోడానికి లేదు. మండలానికి సంబంధించినంతవరకు ఆ జాబితా సత్యకుమారిది. సూపరింటెండెంటుగా ఆవిడ సరిచూసి ఇస్తే, ఎమ్మార్వో సంతకం పెడతాడు.

ఏటికి అవతల తూర్పుగోదావరి. ఇవతల పశ్చిమగోదావరి. నడుమ ఉన్న చేమలంక మొదటి నుంచీ రెండు జిల్లాల జాబితాల్లోనూ ఉంది. ఇది పొరపాటున జరిగింది కాదు. లంకలు అడుగున దేన్నీ పట్టుకుని ఉండవని, ఏదో ఒక జాబితాలో పేరుంటేనే నిలబడతాయని ఆ ఏటి ఒడ్డున పుట్టినవాళ్లందరికీ తెలుసు. పూర్వం జిల్లాని రెండుగా విడగొట్టినప్పుడు గోగులంక అనే లంక ఎవరి కాగితాల్లోనూ ఎక్కలేదు. అది పాడిగేదెలతో, మనుషులతో సహా మెల్లగా దిగువకి జారి, సముద్రంలోకి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏ గుమాస్తా మొదలుపెట్టాడో గానీ, నడి ఏట్లో ఉన్న లంకని రెండు వైపులా రాయడం అలవాటైంది. పడవకి రెండు తాళ్లు కట్టినట్టు. పైవాళ్లకి ఎవరూ చెప్పలేదు, పైవాళ్లు ఎవరూ అడగలేదు.

ఈసారి కంప్యూటరు అడిగింది.

"చేమలంక రెండు చోట్ల వస్తోందంటండి" అన్నాడు ఎమ్మార్వో సూర్యరాజు. భీమవరం వైపు కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తన మండలం జాబితా జిల్లాలోకెల్లా శుభ్రంగా ఉండాలని అతని కోరిక. "ఒక ఊరు రెండు జిల్లాల్లో ఉండడానికి వీల్లేదు కదా మేడమ్. అవతలి వాళ్లతో మాట్లాడి, ఎవరో ఒకరే ఉంచుకునేలా చూడండి."

"అలాగే సార్. ఎవరో ఒకరు ఉంచుకోవాలి మాత్రం" అంది సత్యకుమారి.

అవతలి ఆఫీసులో ఈ పని చూసే జ్ఞానప్రకాశం గారు రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి. ఫోన్లో ఆయన గొంతు వింటే తెల్లచొక్కా ఇస్త్రీ కూడా కనిపిస్తుంది.

"చేమలంక మీరే ఉంచుకోండి సార్" అంది సత్యకుమారి.

"భలేవారే. లంకవాళ్లు బజారుకొచ్చేది మీ రేవుకండి. మాస్టారు మీవారు. మీరే ఉంచుకోవాలి."

"పెద్దవారు, ఇన్నేళ్లుగా చూస్తున్నారు. మీ దగ్గర ఉంటేనే బాగుంటుంది."

"ఆడకూతురు అడిగాక నేను లాక్కుంటే ఏం మర్యాదండి?"

"నేనడగలేదు సార్. ఇచ్చేస్తున్నాను."

"నేనూ ఇచ్చేస్తున్నానండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. మాట క్రిస్మస్ మీదికి మళ్లింది. కేకు పంపుతానన్నాడు ఆయన. గుడ్డు లేకుండా చేయించమంది ఆవిడ. లంక సంగతి తేలకుండానే ఫోను పెట్టేశారు. ఆ సాయంత్రం జాబితా ముందేసుకుని కూర్చున్నప్పుడు సత్యకుమారికి, అంత పెద్దమనిషి తనది వదులుకుని ఇస్తే మాత్రం తీసుకోవడం ఏం బాగుంటుందనిపించింది. ఎర్ర పెన్సిలుతో చేమలంక మీద గీత కొట్టి టైపుకి ఇచ్చేసింది. ఏటికి అవతల, దాదాపు అదే వేళకి, జ్ఞానప్రకాశం గారికి కూడా అచ్చం అలాగే అనిపించింది.

మర్నాడు కిటికీ తెరిస్తే బడి గోడ కనిపించలేదు.

పొగమంచు అనుకుంది. కానీ మంచు అప్పటికే విడిపోయింది. నీళ్ల మీద ఎండ పడుతోంది. కాస్త వంగి చూస్తే గోడ కిటికీ కుడి రెక్క వెనక ఉంది. కుడివైపు దిగువ. దిగువ అంటే సముద్రం. సత్యకుమారి కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడింది. అరచేతికి తుప్పు అంటుకుంది.

రేవులో వెంకన్న పడవ కడుతున్నాడు. చేమలంకకి పడవ నడిపేది అతనొక్కడే.

"కొంచెం జారిందండి" అన్నాడు, బస్సు టైము మారిందని చెప్పినట్టు. "సముద్రం పోటు మీద ఉన్నంతసేపూ కదల్లేదు. నీరు వెనక్కి తీయడం మొదలెట్టిందో లేదో, దాంతోపాటే బయల్దేరిందండి. మళ్లీ పోటొచ్చాక ఆగింది."

"ఎంత?"

"నేను అలవాటున ఎదురుగా పోనిచ్చానండి. వెళ్లి చూస్తే లంక లేదు. దిగువకి తెడ్డేసుకుంటూ వెతుక్కోవాల్సొచ్చింది." కాసేపు తాడు ముడి చూసుకున్నాడు. "ఎక్కడో పేరు పోయుంటుందండి."

సత్యకుమారి గబగబా ఆఫీసుకి తిరిగొచ్చింది.

అవతలి ఆఫీసుకి ఫోను కలపమంటే, లైను పోయిందన్నారు. ఆ రోజంతా కలవలేదు. సూర్యరాజు జిల్లా మీటింగుకి వెళ్లాడు. సాయంత్రం కల్లా రేవులో జనం పోగయ్యారు. ఎవరూ వింతగా చూడటంలేదు, దుఃఖంగా చూస్తున్నారు. చేమలంకలో పిల్లనిచ్చినవాళ్లున్నారు, చేమలంకలో దొండ పాదులు కౌలుకి తీసుకున్నవాళ్లున్నారు. ఒక ముసలమ్మ, గోగులంక పోయినప్పుడు కూడా ఇలాగే మొదట మెల్లగా జారిందని, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరపడ్డాక వేగం అందుకుందని చెబుతోంది. "వేటకెళ్లినోళ్లకి ఇప్పటికీ తెల్లారగట్ల నడిసముద్రంలో కోడి కూత వినబడతాది" అంది. ఎవరో ఆవిణ్ణి నోరు మూసుకోమన్నారు.

బుధవారం సెలవు పెట్టి సత్యకుమారి వెంకన్న పడవెక్కింది. వెళ్లే దూరం పెరిగింది. దారిపొడుగునా ఇదివరకు లంక ఉన్న చోట నీళ్లు ఖాళీగా, చదునుగా ఉన్నాయి. వెంకన్న అటు చూడకుండా తెడ్డు వేశాడు.

లంకలో దిగగానే ఆవిడకి మొదట తెలిసింది నిశ్శబ్దం. కుక్కలు మొరగలేదు. ఆడవాళ్లు పాదుల్లో పని మానేసి అరుగుల మీద కూర్చున్నారు. అందరి ఇళ్ల ముందూ నీళ్ల బిందెలున్నాయి. అందరూ వాటినే చూస్తున్నారు. ఆవిడా చూసింది. బిందెల్లో నీళ్లు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి.

"పాటు మొదలైనట్టుందమ్మా, నీరు తీస్తోంది" అందొకామె, తనలో తను అనుకుంటున్నట్టు.

బడి దగ్గరికి వచ్చేసరికి పిల్లలు గొంతులు చించుకుని ఎక్కాలు చెబుతున్నారు. సుధాకర్ గుమ్మంలో నిలబడి బెత్తంతో తాళం వేస్తున్నాడు. భార్యని చూసి, ఇంకా గట్టిగా చెప్పమని పిల్లలకి సైగ చేసి, వసారాలోకి వచ్చాడు.

"ఎందుకంత అరిపిస్తున్నారు?"

"కాసేపు మానిపిస్తే నీకే తెలుస్తుంది."

పిల్లలు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆవిడకి వినిపించింది. నేల కింద నుంచి, చాటలో బియ్యం చెరుగుతున్నట్టు, ఆగకుండా ఇసక కదులుతున్న చప్పుడు. చెప్పుల్లోంచి పాదాల్లోకి, మోకాళ్లలోకి పాకింది. పిల్లల మొహాలు ఒక్కసారి పాలిపోయాయి. సుధాకర్ బెత్తం ఎత్తాడు. ఎక్కం మళ్లీ మొదలైంది.

"పదండి ఇంటికి" అంది సత్యకుమారి.

"నేను పడవెక్కితే ఊరంతా చూస్తుంది కుమారీ. మాస్టారే దిగిపోయాడంటే ఇక అయిపోయినట్టే అనుకుంటారు. ఉన్నది ఒక్క పడవ. అందరూ ఒక్కసారి దాని మీద పడితే, జారడం దాకా అక్కర్లేదు, రేవులోనే పోతారు."

"అందరితోపాటు సముద్రంలోకి పోతారా అయితే?"

"నువ్వుండగా ఎందుకు పోతాం?" ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవరు కొట్టేశారు పేరు?"

"నేనే."

"అనుకున్నాను. గీత ఎక్కడా వంకర లేకుండా, శుభ్రంగా కొట్టేసుంటావు."

"అవతలి వాళ్లు ఉంచుకుంటారనుకున్నాను."

"వాళ్లూ అనుకున్నారన్నమాట." సుధాకర్ నవ్వబోయాడు గానీ, వసారా స్తంభం పట్టుకున్న చెయ్యి వదల్లేదు. "మళ్లీ రాయడానికి లేదా?"

"ఎందుకు లేదు? రాస్తాను."

"ఏటి మొగ ఇంకెంతో దూరం లేదు కుమారీ. రాసేదేదో రేపు రాయి. ఎల్లుండికైతే నాకు నమ్మకం లేదు."

ఆవిడ తెచ్చిన కూర గిన్నె అతని చేతిలో పెట్టి పడవెక్కింది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. చూసింది. లంక మీద అందరూ బిందెలనే చూస్తున్నారు.

గురువారం ఆఫీసు తెరిచేసరికి జ్ఞానప్రకాశం గారు బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కేకు డబ్బా. ఆయన చొక్కా నలిగి ఉండడం ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"మీరూ కొట్టేశారా అమ్మా?" అన్నాడు.

"మీరు ఉంచుకుంటారని, సార్."

"మీరు ఉంచుకుంటారని నేనూ." డబ్బా బల్ల మీద పెట్టాడు. "మా జాబితా మొన్ననే వెళ్లిపోయింది. సీలు వేసి పంపేశారు. నిన్న నేనే వెళ్లి బతిమాలాను. ఇంక ముట్టుకోనివ్వరట. మీది వెళ్లిందా?"

"సాయంత్రం జీపులో వెళ్తుంది."

ఆయన కళ్లు మూసుకుని ఏదో ప్రార్థించుకున్నాడు. తర్వాత, "ఒక్క తాడైనా చాలండి. మర్యాదలు ఇక వద్దు. మీదేనని రాసేయండి" అన్నాడు.

సూర్యరాజు సంగతంతా విని, ఏమీ తిట్టకుండా, జాబితా తీశాడు. అతనికీ చెమట పట్టింది. లంకలు ఎందుకు కదులుతాయో అతనికి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, వాళ్ల అమ్మమ్మది కృష్ణ ఒడ్డు. కానీ కాసేపటికి పెన్ను కింద పెట్టాడు.

"మేడమ్, పేరు రాయొచ్చు. సంఖ్య మార్చలేం."

"ఏం సంఖ్య?"

"మండలంలో మొత్తం ఊళ్లు. మొన్న మీటింగులో అడిగితే చెప్పేశాను. అది జిల్లాకెళ్లి, హైదరాబాదుకెళ్లి, ఢిల్లీ కూడా చేరిపోయిందట. పేర్లలో తప్పులుంటే దిద్దుకోవచ్చుట. మొత్తం మారితే జాబితానే తిప్పి పంపుతారు. తిప్పి పంపితే మళ్లీ వచ్చేది సంక్రాంతి తర్వాతే."

అప్పటికి చేమలంక ఉండదు.

"అంటే ఒకటి పెట్టాలంటే..."

"ఒకటి తీయాలండి."

ముగ్గురూ జాబితా మీదికి వంగారు. సూర్యరాజు వేలు పేరు మీద నుంచి పేరు మీదికి దిగుతోంది. ప్రతి పేరు పక్కనా మనుషులున్నారు, బళ్లున్నాయి, రేషన్ షాపులున్నాయి. అందులో సత్యకుమారి పుట్టిల్లుంది. అటెండరు ఊరుంది. వేలు చివరి పేజీలో ఆగింది.

"ఇది" అన్నాడతను, ఊపిరి వదిలి. "నల్లపర్ర. జనాభా ఏమీ లేదు. ఉప్పుగడ్డి, సరుగుడు. ఇదీ ఒకప్పుడు లంకేనట కదండీ, ఒడ్డుకి అంటుకుపోయింది. ఇది పోతే ఎవరికీ నష్టం లేదు."

"అక్కడొక మనిషి ఉంది సార్."

"రికార్డులో ఎవరూ లేరే."

"రికార్డులో లేదు. ఉంది. లోవలక్ష్మి అని, బాతుల్ని పెంచుకుంటోంది. మా వీధిలో అందరికీ గుడ్లు తెచ్చేది ఆవిడే."

సూర్యరాజు వేలు తీసేశాడు. మళ్లీ పెట్టాడు. ఇంకే పేరు మీదా పెట్టడానికి లేదు.

"వెళ్లి ఆవిణ్ణి అక్కణ్ణుంచి దింపేసి వస్తాను" అంది సత్యకుమారి. "నేనొచ్చేదాకా సంతకం పెట్టకండి."

"జీపు అయిదింటికి, మేడమ్."

"నేను ఎప్పుడైనా ఆలస్యంగా వచ్చానా?"

వెంకన్న పడవలో నల్లపర్రకి బయల్దేరారు. ఎందుకైనా మంచిదని సత్యకుమారి దుకాణంలో ఆగి బియ్యం బస్తా, కిరసనాయిలు, అగ్గిపెట్టెల కట్ట వేయించుకుంది. ఆ మనిషిని ఏదో ఒక ఇంట్లో దింపాలి కదా, ఒట్టి చేతుల్తో దింపితే ఎవరు ఉంచుకుంటారని ఆవిడ లెక్క. దారిలో చేమలంక దూరంగా కనిపించింది. నిన్నటికన్నా చిన్నగా ఉంది.

లోవలక్ష్మి గుడిసె సరుగుడు చెట్ల నడుమ ఉంది. బురదలో బాతులు గుంపుగా మేస్తున్నాయి. పడవ చప్పుడుకి ఆమె చేతికర్ర పట్టుకుని చెట్టు చాటున నిలబడింది. ఎవరో తెలిశాకే ఇవతలికి వచ్చింది. ముప్పై దాటిన మనిషి. ఎడమ మణికట్టు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. అది ఎలా విరిగిందో వీధిలో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు. రావులపాలెంలో అరటి లారీ నడిపే మొగుడి దగ్గర్నుంచి ఆమె పారిపోయి వచ్చింది.

"గుడ్లు శనివారం తెస్తానన్నాను కదండీ" అంది.

"గుడ్ల కోసం కాదు. సామాను సర్దుకో. సాయంత్రానికి ఈ ఊరు ఉండదు."

సత్యకుమారి సంగతి చెప్పింది, ఉన్నదున్నట్టు. లోవలక్ష్మి అడ్డురాకుండా వింది. చేమలంక జారడం ఆమె చూస్తూనే ఉంది. రోజూ కొంచెం దగ్గరగా వస్తోందని చెప్పింది.

"అయితే ఆ ఊరికి బదులు ఈ ఊరండి."

"అవును. మా ఇంట్లో గది ఉంది. కొన్నాళ్లుండు. తర్వాత చూద్దాం."

లోవలక్ష్మి బాతుల వైపు చూసింది. "మీ ఇల్లు బజారు వీధిలో కదండీ."

"అయితే?"

"మొన్న మా ఆయన సంతలో అడిగాడంటండి నా గురించి. చేతి వంకర చూపించి మరీ అడిగాడంట. నరసాపురంలో అడిగాడు, పాలకొల్లులో అడిగాడు. అంతకుముందు ధవళేశ్వరంలో మా పిన్ని ఇంటిదాకా వచ్చాడు." గొంతులో ఏ ఒడిదుడుకూ లేదు, బియ్యం ధర చెబుతున్నట్టుంది. "ఊరంటే మనుషులుంటారండి. మనుషులుంటే, అడిగితే చెప్తారు. చెడ్డోళ్లయ్యి కాదు. అడిగాడు కదా అని చెప్తారు. ఇక్కడికి కూడా వస్తాడండి. గుడ్లమ్మే మనిషి ఎటు పోతందో చూసినోళ్లున్నారు."

"పోలీసులకి చెబుదాం."

"చెప్పానండి ఒకసారి. వాళ్లే ఇంటికి తీసుకెళ్లి దింపారు."

సత్యకుమారి లోవలక్ష్మి మణికట్టు వైపు చూసింది.

"ఇది ఎక్కడికెళ్తదండి, జారితే?"

"సముద్రంలోకి."

"మునుగుతదా?"

సత్యకుమారి వెంకన్న వైపు చూసింది. వెంకన్న తల అడ్డంగా ఊపాడు. "లంకలు మునగవండి. వెళ్తాయంతే. వానకి గుంటలో నీరు నిలబడతది, గడ్డి ఉంటది. గోగులంక కోళ్లు ఇంకా కూస్తనే ఉన్నాయి కదండీ."

"అయితే నన్ను దింపొద్దండి" అంది లోవలక్ష్మి.

"మతి ఉండే మాట్లాడుతున్నావా? సముద్రంలో ఒక్కదానివి."

"ఇక్కడ మాత్రం ఎంతమందిమండి?"

"భయం వేయదా?"

ఆమె కాసేపు ఆలోచించింది, నిజంగానే లెక్క చూసుకుంటున్నట్టు. "చెప్పు చప్పుడైతే భయమండి. లారీ హారను వింటే భయం. చీకటి పడ్డాక దీపం పెట్టాలంటే భయం. నీళ్లంటే వెయ్యదండి."

నీరు తీయడం మొదలైంది. బురద మీద సన్నటి గీతలు పడుతున్నాయి. వెంకన్న సత్యకుమారి దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు. "ఎత్తి పడవలో పడేద్దామాండి?"

అవునంటే అయిపోతుంది. అతని బలానికి ఆమె ఎంత. తీసుకెళ్లి బజారు వీధిలో గదిలో పెట్టి, రోజూ తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమె ఎలా అవుతుందో చూస్తూ ఉండొచ్చు. కాదంటే, ఒక మనిషిని ప్రాణంతో ఉండగానే తన చేత్తో సముద్రంలోకి పంపినట్టు. మూడోది, జాబితా ముట్టుకోకుండా వెళ్లిపోవడం. అప్పుడు బెత్తం ఎత్తి ఎక్కాలు చెప్పిస్తూ సుధాకర్ వెళ్తాడు, పిల్లలతో సహా.

"బియ్యం దించు" అంది సత్యకుమారి.

వెంకన్న బస్తా భుజానికెత్తుకున్నాడు. కిరసనాయిలు, అగ్గిపెట్టెలు గుడిసెలో పెట్టారు. ఆవిడ తన స్వెట్టరు విప్పి గుడిసె తాడు మీద వేసింది. "తడవనివ్వకు. అగ్గిపెట్టెలు మట్టి కుండలో పెట్టుకో. అన్నీ ఒక్కసారి గీసెయ్యకు."

"ఆయ్" అంది లోవలక్ష్మి. తర్వాత, మొదటిసారిగా కొంచెం నవ్వింది. "గుడ్ల బాకీ ఉంటుందండి మీకు. డబ్బులు ముందే ఇచ్చారు."

"ఉండనీ."

ఆఫీసు చేరేసరికి జీపు ఇంజను ఆన్‌లో ఉంది. జ్ఞానప్రకాశం గారు వెళ్లకుండా అక్కడే ఉన్నాడు, కేకు డబ్బా ఎవరూ విప్పలేదు. సత్యకుమారి నిలబడే ఎర్ర పెన్సిలు తీసుకుని నల్లపర్ర మీద గీత కొట్టింది. గీత కొంచెం వంకర పోయింది. ఆ ఖాళీలో చేమలంక అని రాసింది.

"దింపేశారా ఆవిణ్ణి?" అడిగాడు సూర్యరాజు.

"అక్కడ చేయాల్సింది చేసే వచ్చాను. సంతకం పెట్టండి."

అతను ఆవిడ మొహం చూశాడు. సంతకం పెట్టాడు.

లంకలో ఉన్నవాళ్లు తర్వాత చెప్పారు, అదే సాయంత్రం చేమలంకలో బిందెల్లో నీళ్లు సమంగా నిలిచాయని. పిల్లలు ఎక్కాలు ఆపేశారని. దిగువన నల్లపర్ర ఒడ్డు నుంచి ఊడివచ్చింది. దారం తెగిన బొత్తాంలా ఏ చప్పుడూ లేకుండా వచ్చేసింది. సరుగుడు చెట్లు కదలకుండా నిలబడే, ఎర్రటి నీళ్ల మీద ఏటి మొగ వైపు వెళ్లిపోయాయి. బాతులు మాత్రం కొంచెం గోల చేశాయి.

శనివారం సుధాకర్ ఇంటికొచ్చాడు. పడవ ప్రయాణం ఇప్పుడు చాలాసేపు పడుతోందని, ట్రాన్స్‌ఫర్ సంగతి ఆలోచించాలని అన్నాడు. సత్యకుమారి ఊకొట్టింది. అతను చెయ్యి పట్టుకుంటే విదిలించుకోలేదు, అతనికి అదే వింతగా ఉంది. గుడ్లేవని అడిగాడు. గుడ్లమ్మే మనిషి వెళ్లిపోయిందని చెప్పింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆఫీసులోకి ఒకతను వచ్చాడు. ఖాకీ చొక్కా, చేతిలో మడిచిన ఫోటో. మర్యాదగా చెప్పులు బయట విడిచి, సత్యకుమారి బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నల్లపర్రకి ఎలా వెళ్లాలండి? మా ఆడమనిషి అక్కడుందని చెప్పారు. రేవులో అడిగితే ఎవరూ మాట్లాడట్లేదండి."

"అలాంటి ఊరు లేదే ఈ మండలంలో."

"ఉందన్నారండి. సంతలో నలుగురు చెప్పారు."

"నేను చెబితే నమ్మకపోవచ్చు. చూసుకోండి."

సొరుగులోంచి జాబితా కాపీ తీసి అతని ముందు పెట్టింది. కంప్యూటరులో కొట్టించిన కొత్త జాబితా. ఒక్కో పేరు ఒక్కో వరసలో, ఎక్కడా కొట్టివేత లేదు, అక్షరం చెరగలేదు. అతను మొదటి పేరు మీద వేలు పెట్టాడు. చదువు అంతంతమాత్రం కాబోలు, పెదాలు కదుపుతూ, మెల్లగా కిందికి దిగాడు. మోటు వేలు, గోటి కింద అరటి జిగురు నలుపు. ఒక పేజీ అయింది. తిప్పాడు. చివరి పేజీలో చేమలంక దగ్గర ఆగి, తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు.

"అది ఏటి మధ్యలో ఉంటుంది" అంది సత్యకుమారి. "మా ఆయన అక్కడ మాస్టారు. అందరూ తెలిసినవాళ్లే. కావాలంటే వెళ్లి అడగండి."

అతను కాసేపు ఆవిణ్ణే చూసి, మళ్లీ మొదటి పేజీకి తిప్పి, మొదటి పేరు మీద వేలు పెట్టాడు.

భోజనం వేళయింది. సత్యకుమారి క్యారేజీ విప్పి, అతని ఎదురుగానే పెరుగన్నం కలుపుకుంది. మెతుకులు జాబితా మీద పడకుండా ఎడం చెయ్యి కింద పట్టుకుని, అతను చదవడం అయ్యేదాకా నములుతూ కూర్చుంది.